శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్: ఇంట చదివి విశ్వవిద్యాలయము చేరిన విధము

ఏటేట జూన్ నెలలో బడులు తెరచునప్పుడు మా పాఠశాల ఆఫీసు గది ముందర ఒక దృశ్యము తప్పక కానవచ్చుచుండును. ప్రొద్దుటూరి మగ్గముల ఇండ్లనుండియు, జమ్మలమడుగు చుట్టుపట్ల పల్లెలనుండియు, పులివెందుల చీనీ తోటలనుండియు తలిదండ్రులు తమ బిడ్డలను వెంటబెట్టుకొని వత్తురు. వారిలో ఎవరో ఒకరి చేతిలో టి.సి. ఉండదు, రికార్డు షీటు కూడ ఉండదు. బిడ్డ చదువలేదా అన్నచో చదివినది. తాతయొద్ద తెలుగు చదివినది. అన్నయొద్ద లెక్కలు నేర్చినది. దొరికిన పుస్తకమునెల్ల విడువక చదివినది. కాని ఏ బడి రిజిష్టరులోను ఆమె పేరు లేదు. వయస్సు మాత్రము పదునాఱో పదునేడో వచ్చినది. అట్టి తల్లి మమ్మడుగు ప్రశ్న ఒక్కటే. ఇంట చదివిన పిల్ల కాలేజీకి పోవచ్చునా, లేక ఆ ద్వారము ఆమెకు ఎన్నటికిని మూసికొనిపోయినదేనా అని.

ఈ ప్రశ్నకు నిబంధనల పుస్తకము చూచి జవాబు చెప్పవచ్చును. ఆ జవాబును ఈ వ్యాసము చివర చెప్పెదము. కాని నిబంధనలకంటె ముందు ఒక జీవితమును చెప్పదలచితిమి. పండ్రెండవ ఏట బడి మానివేసి, ఇరువదినాలుగేండ్లు దాటిన పిమ్మట మెట్రిక్యులేషను పరీక్షకు పూనుకొని, విశ్వవిద్యాలయమున పట్టము పొంది, న్యాయవాదియై, భారత రాజ్యాంగ సభలో సభ్యురాలై, తుదకు తనవలెనే చదువు నడుమ నిలిచిపోయిన స్త్రీలకు పరీక్షల త్రోవ చూపిన ఆంధ్ర వనిత కథ ఇది.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. కుటుంబము కాకినాడలో నివసించుచుండెను. ఆ కాలపు ఆచారము ననుసరించి ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆమెకు వివాహము జరిగెను. వివాహమన నేమో తెలియని వయస్సది. ఐనను తండ్రి ఆమెకు చదువుమీద గల ఆసక్తిని అణచివేయలేదు. ఇరుగుపొరుగున హిందీ తెలిసిన వారియొద్ద ఆమె ఆ భాష నేర్చెను. నేర్చినదానిని తనలోనే దాచుకొనక, తోడి బాలికలను కూర్చుండబెట్టుకొని చెప్పుట ఆమెకు చిన్ననాటినుండియు అలవాటు.

పండ్రెండేండ్ల వయస్సున ఆమె బడి మానివేసెను. చదువు రాక మానలేదు; చదువనిష్టమై మానలేదు. పాఠములన్నియు ఆంగ్లభాషలోనే బోధించుట తగదని, దేశమంతట విదేశీ విద్యను విడువుడని పిలుపు వచ్చిన ఆ దినములలో, బాల్యపు పట్టుదలతో బయటికి వచ్చెను. అటుపిమ్మట బాలికలకును గృహిణులకును హిందీ నేర్పుటకై తానే ఒక పాఠశాల స్థాపించెను. పాఠశాలను విడిచిన బాలికయే పాఠశాలను పెట్టెను. ప్రియ విద్యార్థులారా, బడి మానుట మెచ్చదగిన పని అని మీకు చెప్పుటకు మేమీ సంగతి వ్రాయుట లేదు. ఆనాటి పట్టుదలకు ఆమె తరువాత ఎంత వెల చెల్లింపవలసి వచ్చెనో మీరే చూతురు.

1921వ సంవత్సరమున మహాత్మా గాంధి కాకినాడకు వచ్చిరి. ఆ ఊరి దేవదాసీ స్త్రీలును, ఘోషా స్త్రీలును ఆయనను చూచి ఆయన మాట వినవలెనని దుర్గాబాయి తలచెను. మహాత్ముని కార్యక్రమమున కొన్ని నిముషముల వ్యవధి కావలెనన్నచో ఐదువేల రూపాయల నిధి సమకూర్చవలెనని స్థానిక పెద్దలు చెప్పిరి. ఆమె ఆ మాటకు వెనుదీయక, ఆ స్త్రీల సాయముననే ఆ మొత్తమును కూర్చి సభ జరిపించెను. గాంధీగారు హిందీలో ప్రసంగింపగా ఆమె తెలుగున చెప్పెను. ఆమె తెలిగింపు ఆయనకు నచ్చి, తరువాత జరిగిన పెద్ద సభలోను ఆమెచేతనే చెప్పించుకొనిరి. పండ్రెండేండ్ల బాలికకు ఏ బడి ఇచ్చిన యోగ్యతాపత్రము లేదు. ఐనను వేలమంది ఎదుట ఆమెకు ఒక పరీక్ష జరిగెను. ఆమె అందు గెలిచెను. ఇంట నేర్చిన చదువు నిజమైన చదువు కాదన్నవారికి ఇదియే మా మొదటి సమాధానము.

1923వ సంవత్సరము డిసెంబరు మాసమున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. ఆ సందర్భమున ఏర్పడిన ప్రదర్శనశాల ద్వారమున దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయవలదని ఆమెకు ఉత్తరువు. అంతలో జవాహర్‌లాల్ నెహ్రూగారు వచ్చిరి. వారియొద్ద టిక్కెట్టు లేదు. ఆమె వారిని ద్వారముననే ఆపెను. నిర్వాహకులు పరుగెత్తుకొనివచ్చి టిక్కెట్టు తెచ్చి ఇచ్చిన పిమ్మటనే లోనికి విడిచెను. నెహ్రూగారు కోపింపక ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. ఈ కథను మన పిల్లలందరును వినియే ఉందురు. కాని దీనియందు సాధారణముగా మనము గమనింపని విశేషమొకటి కలదు. పదేండ్లు గడచిన పిమ్మట ఆమెయే టిక్కెట్టు లేనిదై మఱియొక ద్వారము ముందర నిలువవలసి వచ్చెను. అది విశ్వవిద్యాలయ ద్వారము. తాను కాపుండిన ద్వారమున నియమమును ఎవరికొఱకును సడలింపని ఆమె, తనకొఱకు నియమమును సడలింపుడని వేడుకొనలేదు. ఆ టిక్కెట్టు ఎక్కడ దొరకునో వెదకి, వెల చెల్లించి, తెచ్చుకొనెను.

ఆ పదేండ్లలో జరిగినది సంగ్రహముగా చెప్పెదము. యౌవనము వచ్చినంతనే, బాల్యమున జరిగిన వివాహబంధములో తాను ఇమడలేనని ఆమె గ్రహించి, ఆ మాట భర్తతో నిర్భయముగా చెప్పి విడిపోయెను. తండ్రియు సోదరుడును ఆమెకు అండగా నిలిచిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహము ఆరంభమైనప్పుడు ఆమె చెన్నపట్టణమున సత్యాగ్రహులను నడిపించి చెరసాలకు పోయెను. 1930 మొదలు 1933 వఱకు మూడు పర్యాయములు ఆమెకు కారాగారవాసము ప్రాప్తించెను. వేలూరు చెరసాలయందును, మధుర చెరసాలయందును ఆమె ఉండెను. మధురలో ఏకాంత నిర్బంధమున గడపిన దినములు ఆమె ఆరోగ్యమును కృశింపజేసినవి.

ఐనను ఆ చెరసాలయే ఆమెకు జీవితపు త్రోవను చూపెను. అక్కడ ఆమెతో కూడ హత్యానేరము మొదలగు నేరములకై శిక్షలనుభవించు సామాన్య స్త్రీలుండిరి. వారి కథలను ఆమె ఒక్కొక్కటిగా విన్నది. వారిలో పలువురికి తమపై మోపబడిన నేరమేదో, తమ నోటి మాట న్యాయస్థానమున ఎట్లు తమకే ఉరియగునో తెలియదు. చదువు లేదు, తమ పక్షమున మాటలాడు వకీలు లేడు. చేయని నేరమునకు తల ఒగ్గినవారును వారిలో ఉండిరని ఆమెకు తోచెను. అప్పుడామె ఒక నిశ్చయము చేసికొనెను. న్యాయశాస్త్రము చదువవలెను, ఇట్టి స్త్రీల పక్షమున న్యాయస్థానమున నిలువవలెను.

నిశ్చయము చేసికొనుట సులభమే. కాని న్యాయశాస్త్రము చదువుటకు బి.ఏ. పట్టము కావలెను. బి.ఏ.కు ఇంటర్మీడియెటు కావలెను. ఇంటర్మీడియెటుకు మెట్రిక్యులేషను కావలెను. మెట్రిక్యులేషనుకు బడి కావలెను. ఆమె బడి పండ్రెండవ ఏటనే ముగిసినది. మేడమీది గదికి పోవలెనన్న మనిషికి క్రింది మెట్లే లేనట్లు ఆమె స్థితి ఉండెను. పైగా వయస్సు ఇరువదినాలుగు దాటినది. ఆ వయస్సున పదునాలుగేండ్ల పిల్లల నడుమ బల్లమీద కూర్చుండుట సాధ్యమా? ఇంకొక అడ్డంకి వీటన్నిటికంటె పెద్దది. ఏ ఆంగ్లభాష వలదని ఆమె బడి విడిచెనో, ఆ ఆంగ్లభాషనే ఇప్పుడు అక్షరాభ్యాసమువలె పట్టుకొనవలసి వచ్చెను. తన పూర్వపు పట్టుదలను తానే దిగమ్రింగుకొనుట మనుష్యునకు ఎంత కష్టమో పెద్దలకు తెలియును. దుర్గాబాయి అందులకు సిగ్గుపడలేదు.

ఇక్కడ ఆ కాలపు పరీక్షల పద్ధతిని కొంచెము విశదీకరింపవలసి ఉన్నది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమునకు మాదిరి లండను విశ్వవిద్యాలయము. ఆ లండను విశ్వవిద్యాలయము 1858వ సంవత్సరముననే ఒక గొప్ప మార్పు చేసెను. విద్యార్థి ఏ కళాశాలలో కూర్చుండెనని అడుగుట మాని, పరీక్షలో ఏమి వ్రాసెనని మాత్రము చూచుటకు ఒప్పుకొనెను. 1878లో స్త్రీలకును పట్టములిచ్చుటకు అంగీకరించెను. మన దేశమున విశ్వవిద్యాలయములు సామాన్యముగా అంత స్వేచ్ఛ ఇయ్యలేదు. అనుబంధ కళాశాలలో హాజరు కావలెననిరి. ఐనను ఉపాధ్యాయులకును స్త్రీలకును పలుచోట్ల మినహాయింపు ఉండెను. వారు ప్రైవేటుగా చదివి పరీక్షకు పోవచ్చును. మా వృత్తివారిలో పగలు పాఠములు చెప్పి రాత్రులు దీపము ముందర కూర్చుండి పట్టములు సంపాదించినవారు ఎందఱో కలరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండియే ప్రైవేటుగా బి.ఏ. పరీక్షలో నెగ్గిన గిడుగు రామమూర్తి పంతులుగారు అట్టివారిలో ప్రసిద్ధులు.

1916లో పండిత మదనమోహన మాలవీయగారి కృషిచే స్థాపితమైన కాశీ హిందూ విశ్వవిద్యాలయము స్త్రీలకు ఇట్టి అవకాశమిచ్చినవానిలో ఒకటి. బడిలో పేరు లేకున్నను స్త్రీలు ప్రైవేటుగా దాని మెట్రిక్యులేషను పరీక్షకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. బెనారసు మెట్రిక్ అను మాట ఆ దినములలో మన ఆంధ్రదేశపు ఇండ్లలో సుపరిచితము. చిన్ననాటనే బడి మానిన గృహిణులకును, విధవలకును అది ఒక ఆశాదీపముగా ఉండెను. దుర్గాబాయికి కావలసిన టిక్కెట్టు అక్కడ దొరకెను. ఆమె కృశించిన దేహముతోనే ఇంట కూర్చుండి ఆంగ్లమును, గణితమును, తక్కిన విషయములను చదివి ఆ పరీక్షకు పోయి ఉత్తీర్ణురాలయ్యెను. అటుపిమ్మట కాశికి పోయి ఇంటర్మీడియెటు చదివెను. కాకినాడనుండి కాశి ఎంత దూరమో పటములో చూడుడు. ఒంటరి స్త్రీ చదువుకొఱకు అంత దూరము పోవుట ఆ కాలమున నలుగురు చెప్పుకొను సంగతి.

ఇంటర్మీడియెటు ముగిసిన తరువాత బి.ఏ.లో రాజనీతి శాస్త్రము చదువవలెనని ఆమె కోరిక. కాశిలో స్త్రీలకు ఆ శాస్త్రము చదువు వీలు చిక్కలేదు. అందుచే వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఆమె దరఖాస్తు పెట్టెను. 1926లో నెలకొన్న ఆ విశ్వవిద్యాలయమునకు కట్టమంచి రామలింగారెడ్డిగారు అప్పుడు ఉపాధ్యక్షులు. మన రాయలసీమ బిడ్డయే, చిత్తూరు మండలమువారు, విద్యావేత్తలు. ఈసారి ఆమె యోగ్యతాపత్రములలో లోపమేమియు లేదు. కాని కొత్త చిక్కొకటి వచ్చెను. విశ్వవిద్యాలయమున స్త్రీలకు వసతిగృహము లేదు. వసతి లేని చోట స్త్రీని ఎట్లు చేర్చుకొందుమని రెడ్డిగారు సందేహించిరి. పరీక్షలో గెలిచిన మనిషికి పడుకొను చోటు లేదని ద్వారము మూసికొనునట్లుండెను.

ఇట్టిచోట అనేకులు నిరాశతో ఇంటికి మరలుదురు. మఱికొందఱు తమకొక్కరికి ఏదో ఒక ఏర్పాటు చేయుడని పెద్దల చుట్టు తిరుగుదురు. దుర్గాబాయి ఈ రెండును చేయలేదు. వసతి లేని కారణమున విశ్వవిద్యాలయమునకు రాలేకపోవుచున్న స్త్రీలు తనకు తెలియజేయవలసినదని పత్రికలో ప్రకటన వేయించెను. పదిమంది వఱకు ముందుకు వచ్చిరి. వారందఱును కలిసి ఒక ఇల్లు చూచుకొని, తామే దానిని వసతిగృహముగా నడుపుకొనిరి. అటుపిమ్మట ఆమెను చేర్చుకొనుటకు అభ్యంతరము మిగులలేదు. ఒకరు అడిగినప్పుడు లేదను సమాధానము వచ్చిన ప్రశ్నకే, పదిమంది కలిసి అడుగగా ఔనను సమాధానము వచ్చెను. ఆమె తనకొఱకు మాత్రమే ద్వారము తెరిపించుకొని ఉన్నచో, తక్కిన ఆ పడుచులు ఏమై ఉందురో ఊహింపుడు.

ఆ దశాబ్దము ముగియులోపలనే ఆమె రాజనీతి శాస్త్రమున బి.ఏ. ఆనర్సు పట్టము పొందెను. తరువాత చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదివి 1942లో ఆ పట్టమును సంపాదించి న్యాయవాదిగా చేరెను. చెరసాలలో చేసికొన్న నిశ్చయము నెరవేరుటకు సుమారు పదేండ్లు పట్టెను. చదువు ముగించునాటికి ఆమెకు ముప్పదిరెండు ముప్పదిమూడేండ్లు. పదుగురిలో పదేండ్లు వెనుకబడితినను చింతతో కుమిలిపోవువారు ఈ లెక్కను ఒకసారి వేసి చూచుకొనవలెను.

కథ ఇక్కడ ముగిసినచో అది ఒక పట్టుదలగల మనిషి విజయముగా మాత్రమే నిలిచిపోయెడిది. మేమీ జీవితమును ఎన్నుకొనుటకు కారణము ఇకముందు చెప్పబోవునది. తన చదువు పూర్తికాక మునుపే, 1937లో, ఆమె చెన్నపట్టణమున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. ఆ సభ తొలి పనులలో ఒకటి ఏమనగా, బడి మానిన బాలికలను, యువతులను కూర్చుండబెట్టి బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు తరిఫీదు చేయుట. అనగా తాను ఏ సందు గుండ లోనికి పోయెనో, ఆ సందు గురుతు చెప్పి నలుగురిని వెంట తీసికొనిపోయెను. ఆ చిన్న తరగతియే పెరిగి పెద్దదై, వసతిగృహములుగను, చేతిపనుల శాలలుగను, ఆస్పత్రిగను, దాదుల శిక్షణాలయముగను, కళాశాలలుగను చెన్నపట్టణమునను హైదరాబాదునను వ్యాపించెను.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యెను. దేశమునకు మూలశాసనమును వ్రాసిన ఆ సభలో స్త్రీలు బహు స్వల్పసంఖ్యాకులు; వారిలో చర్చలయందు విరివిగా పాల్గొన్నది ఆమె. పండ్రెండవ ఏట బడి విడిచిన బాలిక, దేశపు గొప్ప న్యాయకోవిదుల నడుమ కూర్చుండి సవరణలు ప్రతిపాదించెను. 1952లో లోకసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయెను. ఓటమి వచ్చినదని ఇంట కూర్చుండలేదు. ప్రణాళికా సంఘమున సభ్యురాలయ్యెను. 1953వ సంవత్సరము జనవరిలో, రిజర్వు బ్యాంకునకు తొలి భారతీయ గవర్నరుగా పనిచేసి అప్పుడు ఆర్థికమంత్రిగా నున్న చింతామణి ద్వారకానాథ దేశముఖ్ గారిని వివాహమాడెను. ఆ సంవత్సరముననే ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యెను.

ఆ అధికారము చేతికి వచ్చినప్పుడు ఆమె మరువనిది తన మెట్రిక్యులేషను పరీక్ష. పల్లెలకు దాదులు కావలెను, ఉపాధ్యాయినులు కావలెను, గ్రామసేవికలు కావలెను. ఆ పనులకు చేరుటకు కనీసపు చదువు ఉండవలెనని నిబంధన. పల్లెలలో తెలివియు, ఓర్పును, సేవాబుద్ధియు గల స్త్రీలు కలరు. వారియొద్ద పరీక్షాపత్రము మాత్రము లేదు. వయస్సు వచ్చిన ఆ స్త్రీలను తిరిగి చిన్నపిల్లల తరగతికి పంపరాదు. అందుచే 1958లో మండలి పక్షమున ఆమె సంగ్రహ విద్యా కోర్సులను ప్రారంభింపజేసెను. చదువు నడుమ ఆగిన స్త్రీలను ఒకచోట చేర్చి, కొన్నేండ్ల పాఠములను రెండేండ్లలో కుదించి బోధించి, పరీక్షకు పంపు ఏర్పాటది. నిబంధనను తీసివేయలేదు, పరీక్షను తేలిక చేయుడని కోరలేదు. నిబంధనకు తగినవారిగా వారిని తయారుచేయు త్రోవను వేసెను. ఆ ఏటనే ప్రభుత్వము నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలు. బాలుర చదువుకును బాలికల చదువుకును నడుమ గల అంతరమును త్వరగా తగ్గింపవలెనని ఆ సంఘము 1959లో నివేదించెను.

1975లో భారత ప్రభుత్వము ఆమెను పద్మవిభూషణ బిరుదముతో గౌరవించెను. 1981వ సంవత్సరము మే 9వ తేదీన ఆమె కన్నుమూసెను. కుటుంబ తగవులకు వేరుగా న్యాయస్థానములు ఉండవలెనని ఆమె ఎంతయో కాలముగా చెప్పుచు వచ్చెను. అందులకైన చట్టము ఆమె గతించిన తరువాత 1984లో వచ్చెను. ఆమె మరణించిన మరుసటి ఏడు, అనగా 1982లో, హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. మన దేశమున అట్టివానిలో అదియే మొదటిది. బడి పత్రములు లేనివారిని కూడ ఒక ప్రవేశపరీక్ష పెట్టి డిగ్రీ చదువునకు చేర్చుకొనుట దాని తొలినాళ్ళ విశేషము. అది ఆమె చేతులతో కట్టినది కాదు. కాని ఆమె నడచిన త్రోవకు చేరువైనదే.

ఇక మొదట చెప్పిన తల్లి ప్రశ్నకు వత్తము. ఇంట చదివిన బిడ్డకు నేడు బెనారసు వఱకు పోవలసిన పని లేదు. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థయు, మన రాష్ట్రపు సార్వత్రిక విద్యాపీఠమును పదవ తరగతి పరీక్షను ఇంట చదివినవారికిని పెట్టుచున్నవి. పదునాలుగేండ్లు నిండినవారు, పూర్వము ఏ బడిలోను చదివి ఉండకపోయినను, పుట్టినతేదీకి ఆధారము చూపి చేరవచ్చును. పదవ తరగతి నెగ్గిన తరువాత ఇంటర్మీడియెటును ఆ సంస్థలలోనే చదువవచ్చును. అటుపిమ్మట కళాశాలకును, ప్రవేశపరీక్షలకును తక్కిన విద్యార్థులవలెనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మెట్లు తప్పవు, కాని మెట్లున్నవి. ఏ మెట్టును దాటవేసి పైకి ఎగురుదమని చూడరాదు. దొంగ పత్రములు తెచ్చి ఇత్తుమని చెప్పు దళారులు కొన్ని చోట్ల తిరుగుచుందురు. వారి మాట నమ్మి చేరిన విద్యార్థి చదివిన చదువంతయు ఒక్క తనిఖీతో వ్యర్థమైపోవును. టిక్కెట్టు లేనిదే నెహ్రూగారినైన లోనికి విడువని బాలిక కథను అప్పుడు తలచుకొనుడు.

తలిదండ్రులకు ఒక మనవి. ఇంట చదువు గొప్పదే. కాని అది మనకు ఇష్టమైన విషయమును పెంచును, ఇష్టము లేనిదానిని విడిచివేయును. తాతయొద్ద పద్యములు నేర్చిన పిల్లకు భిన్నముల లెక్క రాకపోవచ్చును. తోటలో తండ్రి పక్కన కూర్చుండి లెక్కలు వ్రాసిన పిల్లవానికి ఆంగ్లమున నాలుగు వాక్యములు వ్రాయుట చేతకాకపోవచ్చును. దుర్గాబాయికి హిందీలో వేలమంది ఎదుట మాటలాడు శక్తి ఉండియు, ఆంగ్లమును మొదటినుండి పట్టవలసి వచ్చినది. కావున బిడ్డకు ఏమి వచ్చునో అను సంతోషముతోనే ఆగక, ఏమి రాదో కాగితముమీద వ్రాసికొని, పరీక్షకు ఒక ఏడాది ముందుగానే మాయొద్దకు రండు. పాత ప్రశ్నపత్రములు మాయొద్ద ఉన్నవి. సాయంకాలము బడి విడిచిన తరువాత ఒక గంట కూర్చుండి చెప్పుటకు మా ఉపాధ్యాయులలో ఇష్టపడనివారు లేరు.

మా తోడి ఉపాధ్యాయులకును ఒక మాట. టి.సి. లేని బిడ్డ మన బల్లముందు నిలిచినప్పుడు లేదు పొమ్మనుట ఒక్క నిముషపు పని. నియమము కూడ మన పక్షముననే ఉండును. కాని ఆ బిడ్డను ఏ ద్వారమునకు పంపవలెనో తెలిసికొని చెప్పుట కూడ మన పనియే అని ఈ జీవితము మనకు బోధించుచున్నది. చేర్చుకొనలేనిచోట త్రోవ చూపవచ్చును గదా.

ప్రియ విద్యార్థులారా, మీలో పలువురు బడిలో పేరుండి, హాజరుండి, టి.సి. ఉండి, మెట్లన్నియు సిద్ధముగా ఉన్నవారు. మీ ఇంటి ప్రక్కనే, బహుశః మీ ఇంటిలోనే, మగ్గము దగ్గఱనో పొయ్యి దగ్గఱనో చదువు ఆగిపోయిన అక్క ఒకతె ఉండవచ్చును. ఈ సెలవులలో ఆమె ప్రక్కన కూర్చుండి మీ పాఠపుస్తకమును తెరువుడు. దుర్గాబాయి తొలి పాఠశాల మొదలైనదియు అట్లే. తాను నేర్చినదానిని ప్రక్కవారికి చెప్పుటతోనే.